చంపకమాలకు రెండు పఫ్‌లు

రేపల్లె,
3-7-2006

పశువైద్యులు శ్రీనివాసరావు గారికి, రిటైర్డు తెలుగు పండితుడు వీరరాఘవయ్య నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం, చంపకమాల తప్ప.

మొన్న బుట్టలో పెట్టుకుని తెనాలి తీసుకొచ్చిన పిల్లి గుర్తుందిగా? మెడ చాచి, నేలకు అతుక్కుపోయి దగ్గుతుంటే గొంతులో వెంట్రుకలు ఇరుక్కున్నాయని నెల రోజులు పొరబడ్డాం. మీరు ఎక్సరే తీసి ఆస్తమా అన్నారు. పిల్లికి ఆస్తమా ఏంటండీ అని తిరుగు రైల్లో అందరూ నవ్వారు. మా ఆవిడ కోటిరత్నం మాత్రం నవ్వలేదు. దాని డొక్కలు ఎగసిపడుతుంటే చూడలేక అన్నం కూడా సరిగా తినడం లేదు.

ఆ పీల్చే మందు వాడే పద్ధతి దయచేసి ఉత్తరంలో రాయండి. ఫోన్లో మీరు చెప్పింది నాకు సగమే వినపడింది.

ఇట్లు, మీ విధేయుడు
వీరరాఘవయ్య

తా.క.: మందు చేదుగా ఉంటే ముందే చెప్పండి. చంపకం పాలైనా సరే వాసన చూసి, మా ఆవిడ మొహం చూసి, అప్పుడు తాగుతుంది.

*

తెనాలి,
6-7-2006

మాస్టారు గారికి నమస్కారాలు.

మందూ, మాస్కూ బాపట్లలో మా మిత్రుడి షాపు నుంచి రావాలి. రాగానే పంపిస్తాను. ఈలోగా నేనిచ్చిన మాత్రలు మానకండి.

పద్ధతి చాలా సులువు. పొద్దున ఒక పఫ్, సాయంత్రం ఒక పఫ్. ఇచ్చే ముందు బాగా ఊపాలి. ముఖానికి మాస్కు పెట్టి పది లెక్కపెట్టాలి. మొదట్లో భయపడుతుంది, నెమ్మదిగా అలవాటు చేయండి.

ఉంటాను,
శ్రీనివాసరావు

తా.క.: ఎప్పుడైనా నోరు తెరిచి రొప్పితే ఉత్తరం రాస్తూ కూర్చోకండి. పిల్లిని తీసుకుని రైలెక్కండి.

*

రేపల్లె,
11-7-2006

డాక్టరు గారికి అనేక నమస్కారాలు.

మందు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేక మీ వైద్యం మొదలుపెట్టేశాం. బస్టాండు దగ్గర బేకరీలో పఫ్‌లు తెచ్చాను. కర్రీ పఫ్‌కి మూతి కూడా తగిలించలేదు. ఎగ్ పఫ్‌లో గుడ్డు తిని, పొరలన్నీ నా పంచె మీద రాల్చింది. గుడ్డు గడప దాటని ఇల్లు మాది. అయినా వైద్యం కదా అని కోటిరత్నం పెరట్లో పీట వేసింది.

ఇచ్చే ముందు ఊపమన్నారు. మనవరాలి పాత ఉయ్యాల దించి, చంపకాన్ని అందులో వేసి ఊపాం. మొదటి రోజు ఊపుతుంటే గీరింది. ఇప్పుడు ఊపడం ఆపితే గీరుతోంది.

మాస్కు ఒక్కటే కష్టమైంది. స్కూలు నాటకాల పెట్టెలోంచి ఆంజనేయస్వామి మాస్కు అడిగి తెచ్చి నా ముఖానికి కట్టుకున్నాను. మూడు లెక్కపెట్టేసరికి చంపకం అటకెక్కింది. ఏడు లెక్కపెట్టేసరికి పాలవాడు సైకిలెక్కాడు. భయపడుతుందని మీరు ముందే రాశారు. మీ అనుభవానికి జోహార్లు.

విధేయుడు,
వీరరాఘవయ్య

తా.క.: సాయంత్రం పఫ్ వేడి చేసి ఇవ్వాలా?

*

తెనాలి,
13-7-2006

మాస్టారు గారికి,

మీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత భయపడ్డాను. తప్పు నాదే, సరిగ్గా రాయలేదు. పఫ్ అంటే డబ్బాను ఒక్కసారి నొక్కితే వచ్చే మందు. ఊపాల్సింది డబ్బాను, పిల్లిని కాదు. మాస్కు పిల్లికి, మీకు కాదు. లెక్కపెట్టాల్సింది అది తీసే ఊపిరులు.

డబ్బాలు రెండు, పొడుగు గొట్టం, చిన్న మాస్కు ఈ ఉత్తరంతో పాటే మా అటెండరు తెస్తున్నాడు. నారింజ రంగు డబ్బా రోజూ రెండు పూటలా. గుణం కనిపించడానికి రెండు వారాలు పడుతుంది. నీలం రంగుది ఆయాసం ముదిరినప్పుడు మాత్రమే. ఇంట్లో చుట్ట, అగరొత్తి, దోమల కాయిల్, ఏ పొగా ఉండకూడదు.

ఉంటాను,
శ్రీనివాసరావు

తా.క.: మీ ఉత్తరం మా ఆవిడ కూడా చదివింది. ఆ మాస్కుతో ఒక ఫొటో దిగి పంపమంటోంది.

*

రేపల్లె,
5-8-2006

డాక్టరు గారికి నమస్కారాలు.

చంపకానికి మాస్కు అలవాటైంది. నేను పద్యం చదువుతుంటే పది ఊపిరులూ కదలకుండా పీలుస్తుంది. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఏ క్లాసూ ఇంత బుద్ధిగా వినలేదు. చుట్ట మానేశాను. కోటిరత్నం అగరొత్తులు మానేసి, “ఊపిరాడని పిల్ల ఇంట్లో ఉంది స్వామీ, పువ్వులతో సర్దుకో” అని దేవుడికి చెప్పుకుంది.

ఇంత చేసినా నిన్న మధ్యాహ్నం ఎక్కడికో వెళ్ళొచ్చి గుమ్మంలో కూలబడింది. నోరు తెరిచి రొప్పుతోంది. నీలం డబ్బా నొక్కాను. ఒక్క పద్యమూ నోటికి రాలేదు. “లెక్కపెట్టండి, ఆగకండి!” అని కోటిరత్నం అరిచింది. లెక్కపెడుతూనే స్టేషనుకు పరిగెత్తాను. రైల్లో తేరుకుంది. మీరు ఊళ్ళో లేరు. మీ అసిస్టెంటు చూసి, గండం గడిచిందన్నారు. నాకప్పుడు ఏడుపొచ్చింది.

మా ఇంట్లో పొగ లేదు. మరి ఎందుకొచ్చిందండీ?

విధేయుడు,
వీరరాఘవయ్య

తా.క.: పోయిన శుక్రవారం కూడా ఇలాగే దగ్గింది. పిల్లులకు వర్జ్యం ఉంటుందా?

*

తెనాలి,
9-8-2006

మాస్టారు గారికి,

మీ వర్జ్యం దొరికింది. నిన్న రేపల్లె నుంచి వసుంధర గారనే సంగీతం టీచరు ఒక పిల్లిని తెచ్చారు. పేరు పింకీ అట. మెడ చాచి దగ్గుతోందట. బుట్ట మూత తీయగానే పింకీ తనంతట తానే నడిచి వెళ్ళి బరువు చూసే మిషనెక్కి కూర్చుంది. నాకు అనుమానమొచ్చి “చంపకం!” అన్నాను. తల తిప్పింది.

ఆవిడది మీ పక్క వీధి. రెండేళ్ళుగా దాని మధ్యాహ్నం భోజనం అక్కడేనట. శుక్రవారం ఇల్లంతా సాంబ్రాణి వేస్తారట. సంగతి చెప్పగానే, “నా పొగేనాండీ దాని ప్రాణం మీదికి తెచ్చిందీ?” అని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మీరూ మీరూ మాట్లాడుకోండి. రోజుకు రెండు పఫ్‌లే, ఇంటికి రెండు కాదు.

ఉంటాను,
శ్రీనివాసరావు

తా.క.: పేరు తగాదాలోకి నన్ను లాగకండి. నా చీటీలో ‘పిల్లి’ అనే రాశాను.

*

రేపల్లె,
4-9-2006

డాక్టరు గారికి, కృతజ్ఞతలతో.

వసుంధర గారు మా ఇంటికొచ్చారు. “మాస్టారండీ, మా పింకీ మీ ఇంట్లో ఏం చేస్తోందండీ?” అన్నారు. “మా చంపకమాల మీ ఇంట్లో ఏం చేస్తోందమ్మా?” అన్నాను. గంటసేపు గట్టిగానే అనుకున్నాం. మూడో కాఫీకి రాజీ కుదిరింది. పొద్దున మందు మా ఇంట్లో, సాయంత్రం వాళ్ళింట్లో. నాది పద్యం, ఆవిడది కీర్తన. సాంబ్రాణి బంద్. మూడు వారాలుగా ఒక్క దగ్గు లేదు.

అయితే నిన్న సాయంత్రం మందు వేళకు పిల్లి కనిపించలేదు. కోటిరత్నం, వసుంధర గారు, నేను వీధులన్నీ గాలించాం. చివరికి రైల్వే గేటు దగ్గర రిటైర్డు డ్రిల్లు మాస్టారు దావీదు గారి వరండాలో కనిపించింది. ఆయనకు పాతికేళ్ళుగా ఆస్తమా. మేం చూస్తుండగానే ఆయన తన డబ్బా తీసి టకటకా ఊపారు. ఆ చప్పుడు వినగానే మన రోగి స్టూలెక్కి, ఎదురుగా మూతి చాచి, కళ్ళు మూసుకుని కూర్చుంది.

దావీదు గారు మమ్మల్ని చూసి అన్నారు గదా, “మాస్టారూ, సమయానికొచ్చారు. మా టైగర్ నెల రోజులుగా నా మందులో వాటా అడుగుతోందండీ. ఏం చెయ్యమంటారు?”

ఇట్లు,
వీరరాఘవయ్య, కోటిరత్నం, వసుంధర, దావీదు

తా.క. (దావీదు గారు సంతకం చేసి వెళ్ళాక రాస్తున్నది): ఆయన తన మందు దానికి ఇవ్వలేదు లెండి, కంగారు పడకండి. కానీ టైగర్ ఆడపిల్లని ఆయనకు చెప్పే ధైర్యం మా ముగ్గురికీ లేదు. మీరే ఒక ఉత్తరం రాయాలి.