గిలక్కాయ గొంతు

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవించి రాస్తున్నది. మీ బావ మోకాలి నొప్పి తగ్గింది. పిల్లలు తింటున్నారు, కొట్టుకుంటున్నారు. మా ఇంటి మట్టుకు క్షేమమే. ఇంటి బయట సంగతి రాయడానికే కూర్చున్నాను. ఫోనులో అయితే మధ్యలో అందుకుని నన్ను మాట్లాడనివ్వవు. కాగితానికి అడ్డు తగలడం నీ వల్ల కాదు.

“చరిత్ర పాఠాలు చెప్పేదానివి, నువ్వే చెప్పు, మన పెద్దవాళ్లు ఏ టీకాలు వేయించుకుని బతికారు?” అని రాశావు. చెబుతాను. అమ్మమ్మ కన్నవాళ్లలో సగం మంది పెరగనే లేదు. అమ్మ పెరిగింది కాబట్టి నువ్వు పుట్టి ఈ ప్రశ్న వేస్తున్నావు. పెరగనివాళ్లకు మనవలు లేరు, అడగడానికి. తరగతిలో రాజులూ యుద్ధాలూ అని ఊదరగొడతాను గానీ, చాలా యుద్ధాల్లో కత్తికి చచ్చినవాళ్లకంటే విరేచనాలకూ జ్వరాలకూ చచ్చినవాళ్లే ఎక్కువ. తెల్లవాళ్లతో ఓడలెక్కి అమెరికా చేరిన మశూచి, వాళ్ల దండు అడుగుపెట్టకముందే ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేసింది. ఆ మశూచిని భూమ్మీద లేకుండా చేసింది టీకాయే. నీ కషాయం కాదు.

టీకాలు వద్దంటూ నువ్వు పెట్టే వీడియోలు మా ఊళ్లోనూ చూస్తారని మురిసిపోయావు కదా. మా బడి బస్సు డ్రైవరు చూశాడు, నమ్మి పాపకు టీకాలు మానేశాడు. ఒక్కతే కూతురు, రెండో తరగతి. నోరు మూతపడదని బస్సులో అందరూ గిలక్కాయ అనేవారు. ఆ పిల్లకు గొంతు నొప్పి వచ్చింది. నువ్వు చెప్పిన ఉప్పునీళ్లే పుక్కిలింపించారు, నువ్వు చెప్పిన కషాయమే పట్టారు. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి మెడ వాచిపోయి, గొంతులో బూడిదరంగు పొర కట్టేసింది. కంఠసర్పి, అదే డిఫ్తీరియా. టీకాల పుణ్యమా అని ఆ జబ్బు కనబడడం మానేశాక, దాని మందు ఎక్కడో గాని ఉండటం లేదట. మందు వచ్చేలోపే పిల్ల పోయింది.

పలకరించడానికి వెళ్తే డ్రైవరు కుర్చీ జరిపి నెమ్మదిగా అడిగాడు.

“టీచరుగారూ, ఆ మాట్లాడేది మీ తమ్ముడేనటగా?”

“అవునయ్యా.”

“మీ తమ్ముడని తెలిసే నమ్మానండి. చదువుకున్నవాళ్ల ఇల్లు కదా అని. ఆయన కూడా తన పాపకి వేయించలేదాండి?”

ఇక్కడ నీకు తెలియని సంగతి ఒకటుంది. పోయిన సెలవుల్లో మరదలు నా చేతులు పట్టుకుంది. “వదినా, ఆయన ఊరందరికీ ఏం చెప్పుకుంటారో చెప్పుకోనీ, నా పిల్లకి మాత్రం వేయించు” అంది. నేనే తీసుకెళ్లాను. మిగతా విడతలు తనే పూర్తి చేయించింది. నీ కూతురు భద్రంగా ఉంది, నీ మాట మేం విననందుకు. దీనికి మరదల్ని పల్లెత్తు మాట అన్నావంటే ఊరుకోను. అనదలుచుకుంటే నన్ను అను.

డ్రైవరుకు అబద్ధం చెప్పలేక ఇదంతా చెప్పేశాను. “పోనీలెండి, ఆ పాపన్నా బాగుంటుంది” అన్నాడు. చెప్పు తీసుకుని కొట్టినా బాగుండేది.

ఏ నోటితో అయితే టీకాలు వద్దన్నావో ఆ నోటితోనే, ఆ కెమెరా ముందే, నీ కూతురికి టీకాలు పడ్డాయని చెప్పు. గిలక్కాయ సంగతీ చెప్పు. చెప్పేదాకా నా గడప తొక్కకు.

ఇట్లు,
నిన్ను చంకనెత్తుకుని, నీకు మొదట మాటలు నేర్పిన
అక్క