మంచం మధ్యలో

చెల్లెమ్మా, ఈ కార్డు రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను గానీ కడుపు మండిపోతోంది. ఇక్కడికొచ్చి ఒళ్లమ్ముకుని బతికిన మనవైపు పిల్లను మా మేడమీది డ్రైవరు పెళ్లాడాడని రాశాను కదా. అది ఈ దేశంలో ఉండిపోవడానికి చేసుకున్న ఉత్తుత్తి పెళ్లేమో తేల్చాలని వీసా ఆఫీసుకు పిలిచారు. సాక్షిని నేనే.

"మంచంమీద నువ్వు ఏ వైపు పడుకుంటావు?" అని ఇద్దర్నీ విడివిడిగా అడిగారు. ఇద్దరూ "మధ్యలో" అన్నారు. అతను రాత్రంతా బండి తోలతాడు, ఆమె పగలంతా లాండ్రీలో ఉంటుంది. ఇంకేమంటారు? ఇన్నేళ్ల కాపురం చేసి నా టవలు రంగేమిటో మీ వదిన చెప్పగలదా? అడిగి రాయి. చెప్పలేకపోతే మా పెళ్లీ రద్దే!

ఆఫీసరు నవ్వి, "పాత పనిలోనూ ఇలాగే పడుకునేదానివా?" అన్నాడు.

"అప్పుడు నన్నెవరూ ఇన్ని ప్రశ్నలు అడగలేదండీ" అంది ఆ పిల్ల.

ఉత్తుత్తి పెళ్లేనని తేల్చి, రేపు ఆమెను వెనక్కి పంపేస్తున్నారు. పుట్టింటివాళ్లు గడప తొక్కనివ్వరు కాబట్టి ఈ కార్డు ఆమె చేతికే ఇచ్చి మనింటికే రమ్మన్నాను. వెనకగది ఇవ్వండి. మీ వదినకు నువ్వే నచ్చజెప్పు. ఎవరైనా నోరు పారేసుకుంటే "మా అన్నయ్య కూతురు" అని చెప్పు. నీళ్ల మోటారు బాగయిందా? బావగారి దగ్గెలా ఉంది? పిల్లలు చల్లగా ఉండాలి.

ఇందాక డ్రైవరు ఆమె పెట్టెకు తాడు బిగించి, కిందికి మోసుకొచ్చి నా కుట్టుమిషను పక్కన పెట్టి రాత్రి బండి తోలడానికి వెళ్లాడు.