నన్ను చూపించి తప్పించుకున్న పన్ను

పన్నుల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: సర్కారు ఖర్చుతో చదివి విదేశంలో ఉద్యోగం చేస్తున్న పట్టభద్రులపై విధించిన పన్ను నుంచి నా భర్తకు ఇచ్చిన మినహాయింపును రద్దు చేయమని కోరుట గురించి.

మనవి చేసుకొనునది ఏమనగా, తమ ఆఫీసుకు ఇలాంటి అర్జీ ఇదివరకు వచ్చి ఉండకపోవచ్చును. అందరూ పన్ను తీసేయమని అడుగుతారు. నేను వేయమని అడుగుతున్నాను.

1. నా భర్త కళ్ల డాక్టరు. సర్కారు కాలేజీలో చదివారు. పెళ్లయిన మరుసటి సంవత్సరం విదేశం వెళ్లారు. అక్కడి సంపాదనలో కొంత పన్నుగా కట్టాలని తమ ఆఫీసు నోటీసు పంపింది. "సంపాదన లేని భార్య స్వదేశమందు అతనిపై ఆధారపడి ఉన్నచో" కట్టనక్కరలేదని అందులోనే ఒక నియమం ఉంది. ఆ నియమం కింద నన్ను చూపించారు.

2. నాకు సంపాదన ఉంది. ఆపరేషన్ చేసే డాక్టర్లు వేసుకునే ఆకుపచ్చ గౌన్లు ఇంట్లోనే కుట్టి ఆస్పత్రికి ఇస్తాను. పెళ్లికి ముందు నుంచీ ఇదే పని. మిషను మా అమ్మ నాకిచ్చింది.

3. తమ ఇన్‌స్పెక్టరు గారు విచారణకు వచ్చిన రోజు మా అత్తగారు ఆ మిషను మీద దుప్పటి కప్పారు. ఆయన దాన్ని బల్ల అనుకొని, కుర్చీ లాక్కొని, దాని మీదే కాగితాలు పరిచి రిపోర్టు రాశారు. మధ్యలో ఆయన కాలు తగిలి కింద చక్రం కిర్రుమంది.

"లోపల ఏంటమ్మా చప్పుడు?" అన్నారు.

"ఎలకలు బాబూ. పాత ఇల్లు కదా," అన్నారు అత్తగారు.

ఆయన కాళ్లు పైకి పెట్టుకున్నారు. తర్వాత, "అమ్మాయి ఏమన్నా పని చేస్తుందా?" అని అడిగారు. నేను తలుపు పక్కనే నిలబడి ఉన్నాను. నా భర్త అన్నగారు, అంటే మా బావగారు, అందుకొని, "పనా? మా మరదలికి నోట్లో నాలుకే లేదండీ. వీధి చివరికి పంపిస్తే ఇంటికి దారి అడుగుతుంది," అన్నారు. అందరూ నవ్వారు. సంపాదన లేదని రాసేశారు. కుట్టుమిషను మీద పెట్టుకొని రాసిన మాట అది.

4. మినహాయింపు నిలవాలంటే ఏటేటా తనిఖీ ఉంటుందట. భార్య కూడా తనకు సంపాదన లేదని సంతకం పెట్టాలట. అందుకని మిషను అమ్మేస్తున్నారు. కొనేవాడు వచ్చి చూసుకొని కూడా వెళ్లాడు.

"నీకేం తక్కువ చేశామే? వాడు పంపిస్తున్నాడు, తిని కూర్చో," అన్నారు అత్తగారు.

"కూర్చుంటే తోచదు అత్తయ్యా."

"తోచకపోతే పడుకో."

నా భర్త అక్కడ కళ్లు బాగుచేసినంత కాలం నేను ఇక్కడ చేతులు కట్టుకొని ఉండాలన్నమాట. అలా ఉండను.

5. ఫోనులో నా భర్తతోనూ చెప్పాను. "ఉత్త కాగితమే కదా, సంతకం పెట్టెయ్. నీ ఒంటికేమన్నా అంటుకుంటుందా?" అన్నారు. "అయితే పన్ను నోటీసు కూడా ఉత్త కాగితమే కదండీ, కట్టెయ్యండి," అన్నాను. లైను బాగాలేదని పెట్టేశారు. లైను బాగానే ఉంది.

6. కష్టపడి చదివింది తాను, సర్కారుదేముంది అని ఆయన వాదన. ఫీజుల సంగతి నాకు తెలియదు. మా అమ్మ కంటి పొరకు ఆ కాలేజీకే వెళ్లింది. విద్యార్థులు ఒకరి తర్వాత ఒకరు ఆమె కంట్లో లైటు వేసి నేర్చుకున్నారు. నీళ్లు ధారగా కారుతున్నా ఆమె రెప్ప వేయలేదు. "ఇక చాలు, లేమ్మా," అని నేనంటే, "నేర్చుకోనియ్యే. రేపు ఎవరికో చూపు ఇస్తారు," అంది. ఆ విద్యార్థుల్లో నా భర్త ఉన్నారో లేదో తెలియదు. ఉన్నా లేకపోయినా ఆయన చెయ్యి తిరిగింది అలాంటి వాళ్ల కళ్ల మీదే. విదేశం వెళ్లడం తప్పని నేను అనడం లేదు. అక్కడే ఉండనివ్వండి, పదిమందికీ చూపు ఇవ్వనివ్వండి. ఇక్కడివాళ్లకు ఇవ్వవలసింది నా కొంగు చాటున దాచుకోవద్దంటున్నాను.

కావున తమరు సదరు మినహాయింపును రద్దుచేసి, రిపోర్టులో నాకు సంపాదన లేదన్న మాట కొట్టివేయించి, పన్ను నా భర్త వద్దనే వసూలు చేయవలెను. ఆడకూతురని జాలిపడి మినహాయింపు ఇచ్చి ఉంటే, ఆ జాలి వాపసు తీసుకొనవలెను. ఇంట్లో చెప్పే రాస్తున్నాను. అన్నం పెట్టిన చేతిని కరుస్తున్నానని అన్నారు. ఆ అన్నం వండుతున్నది నేనే.

అక్షరదోషాలుంటే మన్నించి, విషయాన్ని మాత్రం ఉన్నదున్నట్టుగా చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
ఆస్పత్రి గౌన్లు కుట్టే మనిషి

తా.క.: విచారణకు పిలిపిస్తే వస్తాను. బావగారు వెంట వస్తే బయట బెంచీ మీద కూర్చోబెట్టండి. కొత్తవాళ్ల ముందు నాకు వెంటనే గొంతు పెగలదు. ప్రశ్న అడిగాక, నేను మాట్లాడేదాకా తమరు ఆగాలి.