చెప్పినందుకు నేనే దొంగనట

భీమవరం, 2006, మంగళవారం రాత్రి

ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. ఎం.టెక్‌లో నేను చదివేదే కంప్యూటర్ భద్రత. మా కాలేజీ మార్కుల సర్వర్‌కి పాస్‌వర్డే లేదని, ఎవరైనా మార్కులు మార్చేయొచ్చని గమనించి, నేనే వెళ్ళి హెచ్.ఓ.డి. గారికి చెప్పాను.

"నిన్నెవరు చూడమన్నారమ్మా? పోలీసు కేసవుద్ది తెలుసా? తప్పయిపోయిందని రాసివ్వు" అన్నారు.

"తలుపు తీసుందని చెప్పినోళ్ళని దొంగలంటారాండీ? నేను రాయనండి" అని వచ్చేశాను.

బయటికొచ్చాక గుర్తొచ్చింది, నా థీసిస్ మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. నాన్నకి ఫోన్ చేస్తే, అంతా విని, "రాయకమ్మా" అన్నాడు. అప్పుడొచ్చింది ఏడుపు.

నన్ను ల్యాబ్‌లోకి రానివ్వొద్దని సాయంత్రానికల్లా చెప్పేశారు. సర్వర్‌కి మాత్రం ఇంకా పాస్‌వర్డ్ పెట్టలేదట, రూమ్మేట్ సునీత చూసొచ్చింది. రేపు పొద్దున్నే ప్రిన్సిపాల్ గారి గది ముందు కూర్చుంటాను.