కొత్త మనిషి కాచిన సిరా

శనివారం, మధ్యాహ్నం

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ నేనూ, మీ జాడీలూ, గరాటులూ అందరం క్షేమం. మీ కంటి ఆపరేషన్ బాగా జరిగిందనీ, కట్టు మాత్రం ఇంకా విప్పలేదనీ అల్లుడుగారు రాసిన ఉత్తరం చూశాక ప్రాణం కుదుటపడింది. ఇది పెద్దమ్మాయి మీకు చదివి వినిపిస్తుంది. మధ్యలో అడ్డుపడి దాన్ని విసిగించకండి.

వెళ్తూ వెళ్తూ సిరా గదిలో నన్ను అడుగు పెట్టొద్దన్నారు. పని తెలిసిన మనిషి దొరికితే పెట్టుకోమనీ, దొరక్కపోతే కొట్టు మూసెయ్యమనీ కూడా అన్నారు. మూసే అవసరం రాలేదు. మనిషి దొరికింది.

నిజానికి మొదట్లో ఆవిణ్ణి చూస్తే నాకే నమ్మకం కుదర్లేదు. కరక్కాయలు దంచి, నానబెట్టి, కాచి, పొయ్యి మీంచి దించీ దించగానే ఆ పొగలు కక్కే కషాయంలో అన్నభేది ఉప్పు పోసేసింది. ఇంకేముంది, అడుగున బురద, పైన నీళ్లు! కలం ముంచితే పాళీకి మడ్డి పట్టుకుంది. ఆవిడ గట్టు మీద కూలబడి ఏడుపు మొహం పెట్టింది. నాకూ ఏడుపొచ్చింది. సోమవారానికి సిరా అందకపోతే కంపెనీ సీసాలు కొనుక్కుంటామని రికార్డుల ఆఫీసు వాళ్లు అప్పటికే కబురు పెట్టారు మరి. ఆ ఆఫీసు చెయ్యిజారితే మనకి మిగిలేది బల్లా, తాళంకప్పా.

అయితే పట్టు వదిలే రకం కాదండీ. మర్నాడు మళ్లీ కాచింది. ఈసారి కషాయం పూర్తిగా చల్లారేదాకా దాని వంక కన్నెత్తి చూడలేదు. పాత దుప్పటి ముక్క మడతలు పెట్టి వడకట్టింది. అన్నభేదిని విడిగా నీళ్లలో కరిగించి, కొంచెం కొంచెంగా పోస్తూ కర్రతో కలిపింది. కాగితం మీద సిరా పాకిపోకుండా నానబెట్టిన తుమ్మబంక, బూజు పట్టకుండా కాసిని లవంగాలు. అంతసేపూ కూనిరాగాలే! మీరైతే ఆ గదిలో చీమ నడిచినా కసురుకుంటారు.

సోమవారం రికార్డుల గుమాస్తాగారు స్వయంగా వచ్చారు. కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని ఓ గీత గీసి, ఇదేం సిరా, నీళ్లు కలిపిన టీలా ఉంది, ఆయన ఊళ్లో లేకపోతే ఇంతేనా అన్నారు. ఆఫీసు చెయ్యిజారినట్టే అనుకున్నాను నేను. కొత్త మనిషి మాత్రం పైకి జంకలేదు. అన్నభేదిలో ఉన్న ఇనుము గాలి తగిలాకే కదా నల్లబడేది, కాగితం ఇక్కడే వదిలేసి రేపు రండి అంది. ఆయన గొణుక్కుంటూ వెళ్లారు.

మర్నాడు వచ్చి చూద్దురు గదా, గీత కాకిరెక్కలా నిగనిగలాడుతోంది! ఆయన అంతటితో ఊరుకోలేదు. కాగితాన్ని కుళాయి కింద పట్టారు. వేలితో రుద్దారు. కాగితం చిరిగింది గానీ గీత చెక్కుచెదరలేదు. పెద్దాయన పడీ పడీ నవ్వి, ఈసారి రెట్టింపు కావాలన్నారు. గుమ్మం దాకా వెళ్లి మళ్లీ వెనక్కొచ్చి, ఇది కాచిన చేతులు ఒకసారి చూపించమన్నారు. మోచేతుల దాకా నల్లగా ఉన్న ఆ చేతుల్ని చూసి, నమస్కారం పెట్టి వెళ్లిపోయారు.

ఆవిడలో లోపాలు లేవని కాదు. తిండి సరిగ్గా నాతో సమానంగా తింటుంది. మీరు తిరిగొచ్చాక ఆవిణ్ణి మానిపించడం మాత్రం నావల్ల కాదు, ముందే చెప్తున్నాను.

చుక్కల మందు వేళకి వేయించుకోండి. కళ్లు నలపకండి. పెద్దమ్మాయికి ముద్దులు, అల్లుడుగారికి ఆశీస్సులు.

ఇట్లు,
మీరు లేక ఇల్లంతా మరీ నిశ్శబ్దంగా ఉందంటున్న
మీ ఇంటావిడ

తా.క.: అమ్మాయీ, ఈ కింది ముక్క నాన్న భోంచేసి, కుదురుగా కూర్చున్నాక చదువు.

ఏమండీ, నేను ఎవర్నీ పెట్టుకోలేదు. దొరికిన మనిషిని నేనే. ఇన్నేళ్లూ గుమ్మం బయట నిలబడి, మీకు మంచినీళ్లు అందిస్తూ చూసిన పనే. లోపలికెళ్లి చేస్తే ఇంత సంతోషంగా ఉంటుందని ఒక్కసారైనా చెప్పలేదేం? రేపు ఎర్రసిరా మొదలుపెడుతున్నాను. వద్దని ఉత్తరం రాయాలనుకుంటే కబురు పెట్టండి, రాసుకోవడానికి ఒక సీసా పంపిస్తాను.