వేళ్ళకు అందిన గ్రాఫు

మా ఇంటి పెద్దమనిషికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ నేనూ, మీ బావా కులాసా. మీరూ అలాగే ఉన్నారని తలుస్తాను. అమ్మా, ఇది వాడికి చదివి పెట్టేటప్పుడు మధ్యలో నీ వ్యాఖ్యానాలు కలపకు.

పోయిన ఉత్తరంలో, బ్యాకెండ్ అంటే ఏమిటని అడిగావు. మా లైబ్రరీ అంకెల్ని గ్రాఫులుగా మార్చే ప్రోగ్రాము కదా. అది "ఇక్కణ్ణించి అక్కడికి గీత, ఈ మూల అంకె" అని చెప్పి ఊరుకుంటుంది. ఆ మాట విని గీసిపెట్టేది బ్యాకెండ్. తెరకు ఒకటుంది, మామూలు ప్రింటుకు ఒకటుంది. కాగితం మీద చుక్కలు పొంగించే బ్రెయిలీ ప్రింటరుకు మాత్రం లేదు.

ఇక కాలేజీలో స్టాటిస్టిక్స్ మానేస్తానన్నావు. "ఎవరో చూసి చెప్పే గ్రాఫు నాకొద్దక్కా" అన్నావు. ఆ మాటకు నాకు అన్నం సయించలేదు. లేని బ్యాకెండ్ నేనే రాస్తానని కూర్చున్నాను.

మా మేనేజరు "అదెవరు వాడతారమ్మా?" అన్నాడు. ఒళ్ళు మండింది. ఆ మంటలోనే, తెర మీది బొమ్మను ఉన్నదున్నట్టు ప్రింటరుకు పంపేలా రాసేశాను. నీలాగే చూపు లేని ఒక లెక్కల టీచరమ్మను పిలిచి, కాగితం చేతిలో పెట్టాను. ఆవిడ తడిమి పకపకా నవ్వింది. "అమ్మాయ్, గ్రాఫు ఇస్తానని జల్లెడ ఇచ్చావేంటి?"

తల కొట్టేసినట్టయింది. గీత వెనకాల లేతగా వేసే గళ్ళు కూడా చుక్కలై పొంగాయి. కంటికైతే లేత, ముదురు ఉంటాయి గానీ వేలికి అన్నీ ఒకటే కదా! గళ్ళు పీకేశాను. ఎర్ర గీతను దగ్గర దగ్గర చుక్కలుగా, నీలం గీతను ఎడం ఎడం చుక్కలుగా మార్చాను.

నిన్న ఆవిడ మళ్ళీ వచ్చింది. మేనేజరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ వేలు కదిలింది. "ఇది మెల్లగా పాకుతోంది... అబ్బో, ఇక్కడ ఎగబాకింది. ఆగండాగండి, రెండోది దీన్ని దాటేసిందే!" సరిగ్గా ఆ చోటే వేలు ఆపింది. తమ్ముడూ, ఆఫీసని కూడా చూడకుండా ఈల వేశాను! "లైబ్రరీ వచ్చే విడుదలలో దీన్నీ పెట్టేద్దాం" అన్నాడు మేనేజరు, అదేదో మొదటినుంచీ తన ఆలోచనే అయినట్టు. అనుకోనీ, నాకేం?

తిట్టనంటేనే ఇంకో సంగతి చెబుతాను. విడుదల రోజున అందరి ముందూ, అంతకుముందెన్నడూ ముట్టుకోని గ్రాఫును మా తమ్ముడు చదువుతాడని మాటిచ్చేశాను. నిన్ను అడగలేదు. అడిగితే వద్దంటావని భయం. ఇప్పుడైనా వద్దనొచ్చు, నేనేమీ అనుకోను. కానీ ముందు ఈ కవరులో పెట్టిన కాగితం తడిమి చూడు. స్టాటిస్టిక్స్ మానేస్తావో లేదో ఆ తర్వాత చెప్పు.

అమ్మా, తెల్ల కాగితమే కదా అని పారేసేవు. దాని మీద సిరా ఉండదు. అందులో ఏముందో నేనూ రాయను. అది వాడి చేతికిచ్చి పక్కన కూర్చో. వాడే నీకు చదివి పెడతాడు.

ఇట్లు,
కాళ్ళు నేల మీద ఆనని
నీ అక్క