మూడు అలుగులు

ఆగస్టు 4

ఇంటర్న్‌షిప్ మొదటి రోజు. బీర్కూర్ బస్సు లేటు. బాన్సువాడలో దిగి ఆటో ఎక్కి తండా బడికి చేరేసరికి ప్రేయర్ అయిపోయింది. ఏడో తరగతి, ఇరవై ఎనిమిది మంది.

అంతరించిపోతున్న జంతువుల స్లైడ్లు చూపించాను. ఒళ్లంతా పెంకులున్న జంతువు బొమ్మ వచ్చింది. దీని పేరు అలుగు అన్నాను. క్లాసంతా గొల్లుమంది. మొదటి బెంచీలో గీత అనే పిల్ల లేచి, అలుగంటే మా చెరువు అలుగు గదా టీచర్, నీళ్లు దుంకేది, అంది. నిజమే. చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే ఆ రాతి గోడకీ మా దగ్గర అదే పేరు. అంతటితో ఆగిందా? మా అవ్వ రోజూ మా నాయిన మీద అలుగుతది, గది మూడో అలుగు, అంది. పాఠం పక్కన పెట్టి నేనూ నవ్వాను.

ఆగస్టు 7

అడవి ఉద్యోగాల గురించి చెప్పాను. రేంజర్, వెటర్నరీ డాక్టర్, రీసెర్చర్. గీత నోట్‌బుక్ మీద అప్పుడే "ఫారెస్ట్ ఆఫీసర్ గీత" అని రాసుకుంది. జీపు ఇస్తారా అని రెండుసార్లు అడిగింది.

తర్వాత వర్క్‌షీట్. నువ్వు చూసిన ప్రాణులేవి, మీ ఇంట్లో ఎవరైనా ఏదైనా పడతారా. పిల్లలు పెన్నులు పట్టుకుని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పోలీసులకు చూపిస్తవా అని వెనక నుంచి ఎవరో అడిగారు. నా మీద ఒట్టు, ఎవరికీ చూపించను, అన్నాను. అప్పుడు రాశారు. ఎంత రాశారో! ఉడుములు, కుందేళ్లు, కౌజు పిట్టలు, అన్నీ.

గీత రాసింది: "వాన పడ్డంక మా నాయిన అలుగుల పడతడు. బిచ్కుంద అంగడిల అమ్ముతడు." ఏం పడతాడో రాయలేదు. కింద బొమ్మ వేసింది. రాతి మెట్లు, దుంకే నీళ్లు, మూడు చేపలు. ఒక చేపకు మీసాలు కూడా పెట్టింది.

ఆగస్టు 10

అఖిలేశ్ అన్న ఫోన్. మా సంస్థ కోఆర్డినేటర్, హైదరాబాద్‌లో ఉంటాడు. వర్క్‌షీట్లన్నీ ఇంగ్లీషులో షీట్‌లో ఎక్కించాలట, డోనర్‌కు. పిల్లలకు ఒట్టు పెట్టాను అన్నా అంటే నవ్వాడు. అది లోపలి ఫైలే వందనా, నామ్‌కే వాస్తే, ఎవరు చదువుతరు, అన్నాడు. ఇంకా, నీ వర్క్ బాగుంది, డిగ్రీ అయిపోగానే మా దగ్గర పోస్టు నీదే, అన్నాడు.

నేను ఉబ్బిపోయాను. రాసుకోవడానికి సిగ్గుగా ఉన్నా అదే నిజం.

అన్నీ టైప్ చేశాను. కాగితాల ఫోటోలూ పంపాను. గీత లైన్ దగ్గర, అలుగు అంటే ప్యాంగోలిన్ కదా అని మెసేజ్ పెట్టాడు. కాదన్నా, ఇది చెరువు అలుగు, అక్కడ చేపలు పడతాడు, "అలుగుల" అంటే అలుగులో అని, వాయిస్ మెసేజ్ పెట్టి మరీ చెప్పాను. బొటనవేలి బొమ్మ పంపాడు.

ఆగస్టు 16

చెరువు అలుగు పారుతోంది. గీత చేప తెచ్చి ఇవ్వబోయింది. బస్సులో వాసనొస్తుందని వద్దన్నాను.

ఆగస్టు 21

గీత రాలేదు. క్లాసులో ఎవరూ నా వైపు చూడలేదు.

హెడ్‌మాస్టర్ గారు వరండాలోకి పిలిచి చెప్పారు. నిన్న ఫారెస్ట్ వాళ్ల జీపు తండాకు వచ్చిందట. గీత వాళ్ల నాన్న చందర్‌ను ఎక్కించుకుపోయారట. అలుగు పెంకులు అమ్ముతున్నాడని సమాచారమట. ఇల్లంతా వెతికి, ఏమీ దొరక్క, వల, బండి పట్టుకుపోయారట. కేసు రాస్తే ఏళ్ల తరబడి జైలేనమ్మా, అన్నారు.

ఆగస్టు 21, మధ్యాహ్నం 3

బడి వెనక నిలబడి ఫోన్‌లో షీట్ తెరిచాను. గీత లైన్. నేను రాసింది: Father catches fish at the weir. ఇప్పుడున్నది: Father catches pangolins. హిస్టరీ చూశాను. మార్చింది అఖిలేశ్. ఆగస్టు 14, ఉదయం 11.20. ఫోటోలో గీత రాసిన రెండు లైన్లే ఉన్నాయి. చేపలను కత్తిరించేశాడు. మీసాల చేపను కూడా. కింద ట్రాన్స్‌లేటెడ్ బై వందన.

ఫోన్ చేశాను. డోనర్‌కు ఒక్క కేసైనా చూపించాలి, అందుకే ఆ ఇంగ్లీషు లైన్ ఫారెస్టోళ్లకు పంపిన, వాళ్లు వచ్చి చూసి వదిలేస్తరనుకున్న, నువ్వు లొల్లి చెయ్యకు, అన్నాడు. వాళ్లకు ఫోన్ చేసి తప్పని చెప్పు అన్నాను. ఇప్పుడు చెప్తే ప్రాజెక్టు పోతది, నీ సర్టిఫికెట్ కూడా, అన్నాడు. పైగా పేరు నీదే ఉన్నది చూసుకో, అన్నాడు.

అన్నా అని పిలిచాను వీణ్ణి. రాఖీ రోజు మెసేజ్ కూడా పెట్టాను.

ఆగస్టు 22

తండాకు వెళ్లాను. గీత వాళ్ల అవ్వ, చందర్ తల్లి హీరాబాయి, గడపలో కూర్చుని ఉంది. లోపలికి రమ్మనలేదు. మా చందర్ చేపలు తప్ప ఏం పట్టలే బిడ్డా, గా కాగితంల మా పిల్లతోని ఏం రాయించినవ్, అంది. తిట్టినా బాగుండేది.

గీత తలుపు వెనక ఉంది. అసలు కాగితం నా సంచిలోనే ఉంది, దాంట్లో చేపలున్నాయి, ఫారెస్ట్ ఆఫీసులో చూపిస్తాను, అన్నాను. ఎవ్వరికి చూపియ్యనని ఒట్టు పెట్టినవ్ గదా టీచర్, అంది. మళ్లీ తనే, చూపియ్యి, మా నాయిన రావాలె, అని లోపలికి వెళ్లిపోయింది.

అలగలేదు. అలిగితే బతిమాలుకునేదాన్ని.

ఆగస్టు 23

ఫారెస్ట్ ఆఫీసు. కాగితం ఇచ్చాను. వాయిస్ మెసేజ్ వినిపించాను. షీట్ హిస్టరీ చూపించాను. ఆఫీసర్ రెండుసార్లు చూసి, పక్కనున్న గార్డుకు ఇచ్చారు. గార్డు చదివి నెత్తి కొట్టుకున్నాడు. మేమూ ఈడోళ్లమే మేడం, గిది తెలుగుల వస్తే మాకు ఎర్క గాదా, ఇంగ్లీషుల వచ్చె, అన్నాడు.

ఇంగ్లీషులోకి మార్చింది నేను.

స్టేట్‌మెంట్ రాసి సంతకం పెట్టాను. గీత కాగితం వాళ్ల ఫైల్లో పెట్టుకున్నారు. సాయంత్రం ఐదింటికి చందర్‌ను వదిలారు. బయటికొచ్చి నన్ను చూశాడు, ఎవరో గుర్తుపట్టలేదు. నా వల ఇయ్యరా సార్ అని లోపలికి చూసి అడిగాడు. వల, బండి సోమవారం ఇస్తామన్నారు. నడుచుకుంటూ వెళ్లిపోయాడు. నేనే వందనను అని చెప్పే ధైర్యం రాలేదు.

ఆగస్టు 24

సంస్థ వాట్సాప్ గ్రూప్ నుంచి తీసేశారు. సర్టిఫికెట్ లేదు. కారణం: పిల్లల సమాచారం బయటివాళ్లకు చూపించి కాన్ఫిడెన్షియాలిటీ ఉల్లంఘించానట. మెయిల్ కింద సంతకం అఖిలేశ్.

వాడి మొహం మండ. వాణ్ణి నమ్మిన నా మొహం కూడా.

ఆగస్టు 29

హెడ్‌మాస్టర్ గారు చివరి క్లాసు చెప్పి వెళ్లమన్నారు. గీత వచ్చింది. చివరి బెంచీలో కూర్చుంది. మొదటి వర్క్‌షీట్ ప్రశ్నే మళ్లీ ఇచ్చాను. నువ్వు చూసిన ప్రాణులేవి. ఇష్టముంటేనే రాయండి, కాగితాలు మీ దగ్గరే ఉంచుకోండి, అన్నాను. అయినా తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు.

వాళ్లు రాస్తున్నంతసేపూ ప్రహరీ గోడ మీద నెమలి అరుస్తూనే ఉంది. ఒక్కరూ తల తిప్పలేదు.

ఇరవై ఎనిమిది కాగితాలు. అన్నిట్లో ఒకటే. "ఏం చూడలే."